మునెమ్మవ్వ తీసుకోని పుంజు

2023లో, తమిళనాడులోని ధర్మపురి దగ్గర నల్లంపల్లిలోని ఒక చిన్న చర్చిలో నేను బైబిల్ ఉమన్‌గా చేరాను. బైబిల్ ఉమన్ అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వివరించే ఉద్యోగి. మాది కుప్పం వైపు. ఇక్కడి కాలనీ ఆడవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని తెలుగు అక్షరాలు రావు. అందుకే పెళ్లయి వచ్చిన నాకు ఈ పని దొరికింది. గురువారం సాయంత్రం వాళ్లు కట్టడం పని నుంచి వచ్చి, కాళ్లకు అంటిన సిమెంటు కడుక్కొని కూర్చునేవాళ్లు. నేను చదువుతుంటే ఒళ్లో నా రెండేళ్ల కూతురు పేజీలు నమిలేది. కాగితం మింగిందేమోనని దాని నోట్లో వేలు పెట్టి వెతకడంతోనే సగం పాఠం గడిచేది.

ఆ ఏడాది మా పాఠాలు మూడు: పాపం, విశ్వాసం, కృప. పాపం గురించిన పాఠం చివర టెస్టిమొనీ ఉంటుంది, అంటే ఎవరి అనుభవం వాళ్లు అందరి ముందు చెప్పుకోవడం. మామూలుగా మావాళ్లు తమ పాపాలు వదిలేసి మొగుళ్ల పాపాలు చెబుతారు. ఆ రోజు మాత్రం రాజమ్మక్క లేచింది. మా గుంపులో బాప్తిస్మానికి సిద్ధపడిన మొదటి మనిషి ఆమే. పాస్టరుగారు పై వారం ఆదివారాన్ని ఖాయం కూడా చేశారు.

"పోయిన నెల ప్రేమవిందుకు నేను కోడికూర తెచ్చినా గదా టీచరమ్మా. అది నా కోడి కాదు."

ప్రేమవిందు అంటే చర్చిలో అందరం కలిసి తినే భోజనం. ఆ కూరను అందరం రెండోసారి అడిగి వేయించుకున్నాం.

"చీకట్లో గోడమీద కూర్చొనుంటే నాదే అనుకొని పట్టినా. కోసినాక చూస్తే కాలికి పసుపుగుడ్డ! మునెమ్మత్త మునియప్ప సామికి మొక్కుకొన్న పుంజు. తల మళ్లా అతికించేకి అవుతుందా? కొళంబు పులుసు పెట్టేసినా."

"అదీ సంగతి! నీ చేతికి అంత రుచి యాడిదని అప్పుడే అనుకొన్నా" అంది వెనకనుంచి ఒకామె.

నాకు నవ్వు రాలేదు. విందు మర్నాడు నా కూతురికి జ్వరం వచ్చింది. కృప గురించి బోధించి జీతం తీసుకునే నేను, ఆ క్షణాన మనసులో మునియప్పకు సంజాయిషీ చెప్పుకుంటున్నాను. ఆ జ్వరం పన్ను మొలిచేటప్పుడు వచ్చిందని డాక్టరు చెప్పిన మాట తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

రాజమ్మక్కను వెళ్లి క్షమాపణ అడగమన్నాను, తోడుగా నేనూ వెళ్లాను. ఆమె వరసకు అత్తా అని పిలిచే మునెమ్మవ్వది పక్క ఇల్లే. చర్చికి రాదు, మేకలు మేపుకుంటుంది. అంతా విని చేతిలోని కొమ్మ విసిరికొట్టింది.

"నీ చేతులు పడిపోను! నక్క ఎత్తుకపోయిందని ఎంత ఏడ్చినానే! ఆ నక్కవు నువ్వేనా?"

చాలాసేపు తిట్టింది. అలసిపోయాక నీళ్లు తాగి, "సరి, పో. మన్నించినా. ఇంకొకటి పెంచతానని సామికి చెప్పుకొంటా. ఆయనేమి ఆకలికి పడిపోడు" అంది.

పని అయిపోయిందనుకున్నాను. మర్నాడే రాజమ్మక్క తన ఎర్ర పుంజును తీసుకుపోయి అవ్వ ముందు పెట్టింది.

"మొక్కు పుంజు మా ఇంట్లో పుట్టి, మా గింజలు తిని పెరగాల. నువ్విచ్చింది సామి ముట్టడు" అంది అవ్వ.

"అయితే నువ్వు తిను అత్తా."

"నమిలేకి నాకు పండ్లు యాడుండాయి?"

రాజమ్మక్క పుంజును వాకిట్లో వదిలి పరుగెత్తింది. సాయంత్రానికి అది మళ్లీ ఆమె గుమ్మానికే కట్టి ఉంది. వారమంతా ఆ పుంజు రెండిళ్ల మధ్య చంకల్లో తిరిగింది. చివరికి రెక్కలు కొట్టుకోవడం కూడా మానేసింది. అది చాలదన్నట్టు రాజమ్మక్క తెల్లారకముందే వెళ్లి అవ్వ మేకల దొడ్డి ఊడ్చి వచ్చేది.

అవ్వ నా దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, మీ దేవుడు మన్నిస్తే ఇట్లనే వెంటబడి ఊడుస్తారా? దీన్ని చూస్తే నా మేకలు బెదరతా ఉండాయి."

రాజమ్మక్క మాత్రం బాప్తిస్మం వద్దంది. నేను కృప పాఠం ముందుకు జరిపి, అది మనం సంపాదించుకునేది కాదని, దేవుడు ఊరికే ఇచ్చేదని చెప్పాను.

"సుమ్మానా?"

"సుమ్మానే అక్కా, ఊరికే."

"పొద్దుగూకులూ ఇటుకలు మోస్తేనే మేస్త్రీ నన్ను మనిషిగా చూస్తాడు. సుమ్మా తీసుకొనేది నాకు చాత కాదు టీచరమ్మా. దొంగముఖంతో నీళ్లలో మునగలేను."

పాపం పాఠం మరీ బాగా చెప్పేశానేమోనని భయమేసింది. అవ్వ దగ్గరికి పోయి, రాజమ్మక్క మనసు నెమ్మదించడానికి ఏదో ఒకటి తీసుకోమని బతిమాలాను.

"తీసుకొంటే అది బేరం అయిపోతుంది గదా! నేను బేరం చేయలే" అని ఆలోచించి, "రేపు మధ్యాహ్నం దాన్ని తోలుకొనిరా. పుంజు లేకుండా" అంది.

వెళ్లేసరికి అవ్వ తన పెట్టనే కోసి, రాగిసంగటి కలిపి ఉంచింది. రాజమ్మక్క గుమ్మంలోంచే చీపురు కోసం చూసింది.

"కూర్చో."

"ఆకులన్నా కడగతా అత్తా."

"లేస్తివా, కాలు విరగ్గొడతా. కూర్చోమంటిని."

అవ్వ మేకల కట్టె పక్కన పెట్టుకొని వడ్డించింది. రాజమ్మక్క చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు నలుపుకుంది. తల వంచుకొని తింది. కళ్లనీళ్లు సంగటి మీద పడ్డాయి. ఇంకో ముద్ద వేసింది అవ్వ. అదీ తింది. కాసేపటికి ముక్కు తుడుచుకొని తల ఎత్తింది.

"అత్తా, కొళంబులో ఉప్పు తక్కువ."

"నా పుంజును మింగి, నా ఉప్పుకే వంక పెడతావా?"

"ఉండేదే చెప్పినా. నీ పుంజుకు నేను సరిగ్గా వేసినా."

అవ్వ కట్టె ఎత్తింది గాని నవ్వు ఆగక దించేసింది. దొంగముఖంతో ఉన్న మనిషి ఉప్పుకు వంక పెట్టదు; బాప్తిస్మం జరుగుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఆదివారం జరిగింది. అవ్వ కూడా వచ్చి, మేకలతో సహా దూరంగా నిలబడి చూసింది.

పాపాన్ని ఒప్పించడమే నా పనిలో కష్టమైనదని అనుకునేదాన్ని. ఇప్పుడు కృప పాఠాన్ని నిర్వచనంతో మొదలుపెట్టను. ఎవరైనా పిలిచి అన్నం పెడితే, లేచి గిన్నెలు కడగకుండా కూర్చోగలవాళ్లు చెయ్యి ఎత్తండి అంటాను. ఒక్కరూ ఎత్తరు. వాళ్ల వైపు చూస్తూ నేనూ ఎత్తను. అక్కడినుంచి పాఠం మొదలవుతుంది.