గొంగడిలో గోడపురుగు

సూరత్‌లోని ఉధ్నాలో మేముండే గదికి వానాకాలమంతా చెమ్మ ఆరదు. గోడల మీద ఎప్పుడూ కొన్ని గింజల్లాంటివి అంటుకుని ఉండేవి. దోసగింజంత పొడవు, మధ్యలో వెడల్పు, రెండు కొసలూ సన్నం. సున్నం పెచ్చులనుకుని చీపురుతో దులిపేసేదాన్ని. మళ్ళీ ఇంకోచోట కనిపించేవి. అవి నడుస్తాయని పెళ్ళయి సూరత్ వచ్చిన చాలా ఏళ్ళ వరకూ నేను గమనించలేదు.

మా ఆయన మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. నేను ఇంట్లోనే చీరల పని చేస్తాను. ఎంబ్రాయిడరీ చేసిన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి ఇవ్వాలి. ఎంత ఊడ్చినా గులాబీ, చిలకపచ్చ దారపు నూగు మూలల్లో చేరుతూనే ఉంటుంది.

మామయ్య పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ ఆయన గొంగడి తెచ్చుకుంది. మామయ్య తన గొర్రెల బొచ్చుతోనే నేయించుకున్న గొంగడి అది. ఇక్కడ దాన్ని కప్పుకునేంత చలి లేదు. మడిచి ట్రంకుపెట్టె వెనక, గోడవారన పెట్టింది. వానలు వెనకబట్టాక ఎండలో వేద్దామని తీసి విప్పితే ఒక అంచంతా చిల్లులు.

"ఎలుక కొట్టినట్టున్నదమ్మా," అన్నాడు మా ఆయన.

"ఎలుక కొడితే తునకలు రాలుతయి గదరా. ఒక్కటన్న ఉన్నదా?" అని అత్తమ్మ నా వైపు తిరిగింది. "నీ చీరలల్ల పురుగున్నదేమో చూడు పిల్లా."

చీరల్లో పురుగుందని తెలిస్తే మళ్ళీ నాకు పనెవరిస్తారు? మూటలన్నీ విప్పి ఒక్కో చీరా వెలుతురుకు పట్టి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. చూసిన కొద్దీ అత్తమ్మ మాట మీద కోపం పెరిగింది.

గొంగడి మడతలు దులుపుతుంటే ఆ గింజలు రాలాయి. ఇవి గోడ మీది వాటిలా ఉత్త బూడిదరంగువి కావు. బూడిదరంగు మధ్య గులాబీ, పచ్చ నూగు చారలున్నాయి. ఒకదాని కొస నుంచి గోధుమరంగు తల బయటికొచ్చింది. వెనకే మూడు జతల కాళ్ళు, తెల్లటి ఒళ్ళు. నేల పట్టుకుని గూడునంతా ఈడ్చుకుంటూ పోయింది. అడ్డంగా వేలు పెడితే తల లోపలికి లాక్కుని, కాసేపటికి రెండో కొస నుంచి బయటికొచ్చింది.

అత్తమ్మ కాలెత్తింది.

"తొక్కకు అత్తమ్మా. ఏం తింటదో చూద్దాం," అన్నాను.

మూత పారదర్శకంగా ఉన్న మిఠాయి డబ్బాలో కొన్నిటిని వేశాను. గొంగడి బొచ్చు కొంత, చీర దారాలు కొన్ని పడేశాను. రోజూ మధ్యాహ్నం అత్తమ్మే ముందు డబ్బా తీసి చూసేది. బొచ్చు తరిగిపోతూ వచ్చింది. దారాలు అలాగే ఉన్నాయి. వాటి నూగును మాత్రం పురుగు తన గూటి అంచులకు అతికించుకుంటోంది.

"ఆయన గొర్ల బొచ్చే రుచయిందా దీనికి!" అంది అత్తమ్మ. డబ్బా మూత పెట్టి, "నీ చీరలల్ల ఏం లేదు తియ్యి," అంది. నాకు అదే చాలనిపించింది.

కొన్నాళ్ళకు ఒక పురుగు మూతకు గూడు అంటించుకుని కదలడం మానేసింది. చచ్చిందనుకున్నాం. పడేద్దామంటే అత్తమ్మ వద్దంది. ఇంకొన్ని వారాలకు డబ్బాలో ఒక చిమ్మట కనిపించింది. గోరంత కూడా లేదు. బూడిదరంగు రెక్కల మీద నల్లటి చుక్కలు, అంచున వెంట్రుకల కుచ్చు. ఖాళీ గూటి కొస నుంచి ఎండు పొర సగం బయటికి వేలాడుతోంది.

"గింతదేనా?" అంది అత్తమ్మ ఆశ్చర్యంగా.

ఫోన్‌లో వెతికి చదివితే, రెక్కలొచ్చాక అది ఏమీ తినదట. దుమ్ము పట్టిన సందుల్లో గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో చచ్చిపోతుందట. పిల్లపురుగులు సాలెగూళ్ళు, వెంట్రుకలు, ఉన్నిబట్టలు తింటాయట. మా గదిలో సాలెగూళ్ళకేం తక్కువ లేదు. ఆ ఆదివారం మా ఆయన పైకప్పు మూలలన్నీ దులిపాడు. ట్రంకుపెట్టె జరిపి దాని వెనక నేను కడిగాను.

అత్తమ్మ గొంగడిని మేడ మీద ఎండబెట్టి, చిల్లుల అంచు కత్తిరించి, కొస మడిచి కుట్టింది. కొంచెం పొట్టిదైంది. ఇప్పుడు దాన్ని దాచడం లేదు. కింద పరుచుకుని కూర్చుని, నాతోపాటు తానూ చీరల దారాలు కత్తిరిస్తోంది.