క్రీము రంగు డాష్‌బోర్డు

నా గొయ్యి నేనే తవ్వుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి కానీ, వాటన్నిటిలోకీ లోతైనది క్రీము రంగు గొయ్యి. చెబుతాను, వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి, జాలి మాత్రం పడకండి. ఆ రోజు నా మీద నాకే కలగలేదు.

కొత్త కారు కొన్న వారానికే ఒక జ్యోతిష్కుడు నా జాతకం చూసి, "ఏల్నాటి శని నడుస్తోంది నాయనా, కళ్లెదుట నలుపు పనికిరాదు" అన్నాడు. కంప్యూటర్లకు తర్కం నేర్పి జీతం తీసుకునే నేను, ఆ తర్కాన్ని ఆఫీసులోనే వదిలేసి, కొత్తగూడలో సీటు కవర్లు కుట్టే యాదగిరి దుకాణానికి పరుగెత్తాను. నల్లటి డాష్‌బోర్డుకు మీగడలాంటి క్రీము రంగు రెగ్జిన్ తొడగమన్నాను.

"సార్, గిట్ల తెల్లగ ఏస్తే ఎండల అదంత అద్దం మీద కొడ్తది. తొవ్వ కనబడదు. జర సోచాయించుండ్రి."

"మీరు కుట్టండి చాలండి. కాంతి గురించి నేను ఇంజనీరింగులో చదివానండి."

చదివిన మాట నిజమే. పాసయింది మాత్రం రెండోసారి.

"ఇగ మీ ఇష్టం సార్," అని యాదగిరి సూది అందుకున్నాడు.

రెండు రోజులు ముసురు పట్టడంతో అంతా బాగానే నడిచింది. మూడో రోజు హైటెక్ సిటీలో క్లయింటుతో మీటింగు. మా మేనేజర్ సుజాత మేడమ్, "నీ కొత్త కార్లనే పోదాం శ్రీనివాస్. అక్కడ నిన్నే కొత్త టీమ్ లీడ్ అని పరిచయం చేస్త," అన్నారు. ఆ మాట కోసం మూడేళ్లుగా ఆవిడ వేసిన ప్రతి జోకుకీ అందరికంటే ముందు నవ్విన మనిషిని నేను.

ఖాజాగూడ దాటామో లేదో మబ్బు విడిపోయి ఎండ విరుచుకుపడింది. అద్దం నిండా నా రెగ్జినే, కుట్లతో సహా! దాని వెనకాల ఎక్కడో రోడ్డు ఉంటుందన్న నమ్మకం మీద నడుపుతున్నాను.

"ముందట బస్సుంది, చూసినవా?"

"ఉందా మేడమ్?"

"ఉందా ఏంది! ఆపు!"

పక్కకు తీసి ఆపాను. సమస్యలు పరిష్కరించడమే కదా మన వృత్తి! కాళ్ల కింది నల్ల మ్యాట్లు రెండూ పీకి డాష్‌బోర్డు మీద పరిచాను. అద్దం తేటపడింది. మళ్లీ బయల్దేరి, "చూశారా మేడమ్!" అని గర్వంగా ఆవిడ వైపు తిరిగాను. రోడ్డు కనబడుతున్నప్పుడైనా రోడ్డు చూడాలి కదా! స్పీడు బ్రేకరు మీద కారు ఎగిరింది, మ్యాట్లూ ఎగిరాయి. కారు రోడ్డు మీదే దిగింది. మ్యాట్లు మాత్రం రెండు రోజుల వాన బురదతో సహా మేడమ్ గారి తెల్లటి గద్వాల చీర మీద దిగాయి.

ఆవిడ ఆ మ్యాట్లు రెండూ తీసి నా ఒళ్లో పెట్టారు. తిట్టినా బాగుండేది.

క్లయింటు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన అడిగాడు. "ఈ సారు గూడ పైకొస్తరా మేడమ్?"

"లేదు. ఆయన డ్రైవరు. బండి కాడనే ఉంటడు."

ఆవిడ వెనక్కి చూడకుండా లిఫ్టెక్కేశారు, నా టీమ్ లీడ్ పదవి కూడా ఆవిడతోపాటే వెళ్లిపోయింది. పార్కింగులో నిలబడ్డాను, ఏడుపొక్కటే తక్కువ. పక్క కారు నడిపే పెద్దాయన నా కారులోకి తొంగిచూశాడు.

"గీ తెల్లది ఏ దిమాక్ లేనోడు ఏయించిండు తమ్మీ?"

"మా ఓనరు," అన్నాను.

"గసొంటోని కాడ ఏం పన్జేస్తవ్? నీ పాణం మీదికి తెస్తడు. ఇయ్యాల్నే ఇడ్సిపెట్టు!"

పెద్దల మాట కాదనే అలవాటు నాకు లేదు. అందుకే పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నా డాష్‌బోర్డు మీద తెల్ల చేతిరుమాలు కూడా పెట్టను, ఆ ఓనరు తెలివిని నమ్మి మళ్లీ స్టీరింగు పట్టను.