గట్టును వదిలేసే లెక్క

పత్తి మిల్లులో మూటలు మోసి వచ్చి రాయమల్లు గోడకు ఆనుకొని కాళ్లు చాపాడు. కూతురు ప్రణాలి పుస్తకం పట్టుకొని ఎదురుగా కూర్చుంది. రేపు మహారాష్ట్రలోని చంద్రపూర్ కాలేజీలో తనే పాఠం చెప్పాలి. లెక్కలు రాని మనిషికి ముందు ఇంట్లో చెప్పి చూడమన్నాడు సారు. అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఆమె దూరం పోనక్కర్లేదు.

మొదట పుస్తకంలో ఉన్నట్టే మరాఠీలో చెప్పింది. 'అసింప్టోటిక్' అనే మాట దగ్గరే రాయమల్లు కళ్లు మూతపడ్డాయి.

"బిడ్డ చెప్తుంటే గురక వెడ్తున్నవా?" కందిపప్పు ఏరుతున్న భార్య నర్సక్క కసిరింది.

"ఏడ వెడ్తున్న? కండ్లు మూసుకొని ఇంటున్న."

ప్రణాలి ముఖం చిన్నబోయింది. "పోనీ తియ్ బాపు. నాతోని కాదని సారుకు చెప్పేస్త."

రాయమల్లు నిద్ర ఎగిరిపోయింది. నాలుగో తరగతిలో తనూ ఆ మాటే అని బడి మానేశాడు.

"గట్లనకు బిడ్డా. మన చేను లెక్క చేసి చెప్పు."

ప్రణాలి కాసేపు ఆలోచించి, సుద్దముక్కతో నేల మీద చిన్న చదరం గీసింది.

"ఇది విరూర్‌ల మన చేను. చుట్టూ గట్టు. చేనుల శానా వాటా గట్టే తింటది, అవునా?" పక్కనే పెద్ద చదరం గీసింది. "ఇది పాటిల్ చేను. దీని లెక్కల గట్టును వదిలేసినా నడుస్తది."

"ఎట్ల నడుస్తది? కూలికి పోయి ఆ గట్టు పొంటి కందులు వెట్టింది నేనే. నడుము ఇరిగింది!"

నర్సక్క ఫక్కున నవ్వింది.

"గట్టు పొడుగైతది బాపు, కాదంటలేను. కానీ చేను దానికన్న జోరుగ పెరుగుతది. చేను పెద్దగైనకొద్ది మొత్తంల గట్టు వాటా తగ్గుకుంట పోతది. వదిలేస్తే తప్పే, కానీ మొత్తం ముంగట గా తప్పు ఎంత? అసింప్టోటిక్ అంటే గదే, గదే నా పాఠం."

రాయమల్లు చిన్న చదరాన్ని చాలాసేపు చూశాడు.

"అంటే మన చేనుకు ఈ లెక్క పనికిరాదన్నట్టు."

ప్రణాలి కళ్లు మెరిశాయి. "రాదు బాపు! చిన్నదాంట్ల ఏదీ వదిలిపెట్టొద్దు. నీకు సమజైంది!"

"మంచిగ చెప్తే ఎందుకు కాదు?"

ప్రణాలి మళ్లీ పుస్తకం తెరిచింది. నర్సక్క తడిగుడ్డ తెచ్చి నేల తుడవబోయింది.

"చిన్నదాన్ని తుడువకు" అన్నాడు రాయమల్లు. "పొద్దుగాల పోయేముందు ఇంకోపారి చెప్పిచ్చుకుంట."

నర్సక్క గొణుక్కుంటూనే ఆ చదరం చుట్టూ జాగ్రత్తగా తుడిచింది.