సమాధుల తోటకు మూడు చుక్కలు

నాన్న నోటుబుక్కులో ప్రతి పేజీకీ నాలుగు గళ్లు గీసి ఉంటాయి. మొదటి గడిలో వరస సంఖ్య. రెండో దానిలో రాతి మీద ఉన్న మాటలు, ఉన్నవి ఉన్నట్టు, తప్పులతో సహా. మూడో దానిలో రాయి ఎలా ఉందో: పగిలింది, ఒరిగింది, సగం పూడింది. నాలుగో గడికి ‘చెప్పినవారు’ అని పేరు. రాత లేని రాళ్లకు ఆ నాలుగో గడే ఆధారం.

ఆయన మెదక్ వైపు ఒక పల్లెలో మిషన్ బడి పంతులుగా పనిచేశాడు. పదవీ విరమణ తర్వాత, తొంభైల మొదట్లో, నాంపల్లిలో నేను కిరాయికున్న రెండు గదుల ఇంటికి వచ్చాడు. అప్పట్లో నేను అబిడ్స్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం అబిడ్స్ దాకా నడిచేవాళ్లం. మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి ఉండేవి. నేను నవలలు చూసుకునేదాన్ని. ఆయన మా తాలూకా గురించి ఏమైనా దొరుకుతుందేమోనని పాత జిల్లా చరిత్రలు తిరగేసేవాడు. వాటిలో కోటలుండేవి, జాగీర్దార్లుండేవాళ్లు, చెరువులుండేవి. మా ఊరు ఉండేది కాదు.

“మనం రాసుకుంటే ఉంటది,” అన్నాడొకరోజు, పుస్తకం తిరిగి పెట్టేస్తూ.

రాయడం ఊరి బయటి సమాధుల తోటతో మొదలుపెట్టాడు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో, చనిపోయినవాళ్లను పాతిపెట్టే చోటును అలాగే అంటారు. తోట అని ఎందుకన్నారో నాకు తెలియదు. మా ఊళ్లో అక్కడ రెండు వేపచెట్లూ తంగేడు పొదలూ తప్ప ఏమీ లేవు. ఎండాకాలం వస్తే ఆయన సుద్దముక్కలు, పాత పళ్ల బ్రష్షు సంచిలో వేసుకుని ఊరికి వెళ్లేవాడు. సుద్ద అడ్డంగా రుద్దితే అరిగిన అక్షరాలు తేలతాయి. పొడుగు పద్యాలు చెక్కించిన రాళ్లంటే ఆయనకు విసుగు. ఒక సంఖ్య పక్కన “పద్యం పెద్దది, మనిషి కనపడడు” అని రాసుకున్నాడు. రాత లేని బండల దగ్గరకు ఊళ్లో ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఇది ఎవరిది అని అడిగేవాడు.

నేను దాన్ని వయసు మళ్లినవాళ్ల కాలక్షేపం అనుకున్నాను. ఒకసారి ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన సుద్దముక్కలు లెక్కపెట్టుకుని సంచిలో వేసుకున్నాడు.

తొంభైల చివర ఒక వానాకాలం ఆయన పోయాడు. కోరినట్టే ఊరికి తీసుకెళ్లి ఆ తోటలో చివరి వరసలో పెట్టాం. ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూటం పెట్టి, ఆ రోజున రాయి నిలబెట్టడం మావాళ్ల ఆనవాయితీ. అప్పటిదాకా మట్టిదిబ్బ, తలవైపు ఒక కొయ్య సిలువ. ఏడాదికి ఇంకా రెండు నెలలున్నాయనగా ఊరి సంఘపెద్ద నాంపల్లికి వచ్చాడు. నాన్న దగ్గర చదువుకున్నవాడు. నేను చిన్నాయనా అని పిలుస్తాను.

“రాయికి చెప్పినవా బిడ్డా?”

“ఇంకా లేదు చిన్నాయనా.”

“చెప్పకు. జర ఆగు.”

నీళ్లు తాగి సంగతి చెప్పాడు. తోటను ఆనుకుని పొలమున్న రైతు అడ్డం తిరిగాడు.

“గీడ ఇటుక పెడితే ఊకోనంటున్నడు. కాయితం తెచ్చి చూపిచ్చిండు. తోట అని రాసున్నది, సమాధులని లేదు. పక్కకు వివాదం అని ఉన్నది. తోటైతే మా తాతలదే, గాడ మామిడి చెట్లుండె అంటడు.”

“అన్ని సమాధులు కనపడటం లేదా ఆయనకు?”

“కనపడ్తయి. బండలు ఎవడన్న తెచ్చి పాతొచ్చునంటడు. రేపు నాగలి కట్టిండనుకో, ఏం జేస్తవ్?”

నాన్న దిబ్బకు ఇంకా రాయి కూడా లేదు. నాగలి కడితే మొదట పోయేది అదే.

రైతు చూపించిన కాగితం పాత ఉర్దూ పహాణీకి ఎవరో ఎప్పుడో చేసిన తెలుగు. తిరగ్గా తిరగ్గా అసలు ఉర్దూ కాగితం నకలు దొరికింది. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాన్న నిజాం కాలపు బడిలో ఉర్దూలో చదువుకున్నాడు. ఒక్క చూపులో చదివేవాడు. చదవగలిగిన మనిషి ఆ తోటలోనే ఉన్నాడు.

నాంపల్లి కోర్టుల గోడ వెంట టైపు మిషన్లు పెట్టుకుని దస్తావేజులు రాసేవాళ్లు కూర్చునేవారు. వాళ్లలో పాత గొలుసుకట్టు ఉర్దూ చదవగల పెద్దాయన ఒకరున్నారని ప్రెస్సులో చెప్తే వెళ్లాను. ఆయన నకలును ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకున్నారు.

“బాగ్. ఔ, తోటనే అమ్మా. కైఫియత్ రాసే కాడ, అంటే వివరం గడిల, ఫితూర్ అని ఉన్నది. ఫితూర్ అంటే లొల్లి. మీ తెలుగుల పితూరీ అంటరు చూడు, గదే.”

తెలుగు కాగితంలో ఉన్నదీ అదే. నేను నకలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. నా ముఖం చూసి కాబోలు, ఆయన ఊరికే అడిగారు.

“ఏం తోట? మామిడా, జామా?”

“సమాధుల తోటండి.”

“ఏందీ?”

“మావాళ్లు సమాధులున్న చోటును తోట అంటారు.”

“అరె! కబ్రస్తాన్‌ను తోటంటరా?” ఆయన పక్కన టైపు కొడుతున్నతన్ని పిలిచారు. “విన్నవా భాయ్? మనకు బతికుండంగ పూలకుండి పెట్టుకుందామంటె జాగ లేదు. వీళ్లకు పోయినంక తోట.” నవ్వుతూనే ఆగిపోయి, చెయ్యి చాపారు. “జర ఇటు తే అమ్మా గా కాయితం.”

ఈసారి చాలాసేపు చూశారు. చిత్తుకాగితం మీద ఆ మాటను చుక్కలు లేకుండా, నకలులో ఉన్నట్టే రాశారు. పెన్సిల్‌తో మొదటి అక్షరం మీద ఒక చుక్క, రెండోదాని మీద రెండు చుక్కలు పెట్టారు. “ఇది ఫితూర్.” కింద మళ్లీ అదే మాట రాశారు. మొదటి అక్షరం మీద రెండు చుక్కలు, రెండోదాని కింద ఒకటి. “ఇది కుబూర్. కుబూర్ అంటే సమాధులు. మూడే చుక్కలమ్మా. ఏడ పెట్టాల్నో తెలిస్తె సమాధులు, తెల్వకుంటె లొల్లి.”

“మరి వాళ్లు చుక్కలెందుకు పెట్టలేదు?”

“పాత మున్షీలు పెట్టేటోళ్లు కాదు. చుక్కలు పెట్టుడంటె అవతలోనికి చదువు రాదని తిట్టినట్టు.”

ఇరవై ఏళ్లకు దగ్గరగా అక్షరాల తప్పులు పట్టుకుని బతికిన దాన్ని. ఆ మున్షీ తప్పేమీ చెయ్యలేదని అప్పుడు అర్థమైంది. ఇదేమిటని మా ఊరివాళ్లను అడిగి ఉంటాడు. సమాధుల తోట అని వాళ్లు చెప్పి ఉంటారు. తోటను భూమి రకం గడిలోనూ సమాధులను కైఫియత్ గడిలోనూ ఉన్నదున్నట్టు రాశాడు. నాన్న చేసింది కూడా అదే పని.

పెద్దాయన తర్జుమా రాసి సంతకం పెట్టిచ్చారు. అబిడ్స్‌లో దానికీ నాన్న నోటుబుక్కుకీ జిరాక్సులు తీయించి, ఊరికి తీసుకెళ్లాను. తోట పక్క గట్టు మీద కూర్చుని రైతు తర్జుమాను మర్యాదగా చూశాడు, నమ్మలేదు.

“పట్నంల ఏ కాయితమైనా పుట్టిస్తరు. మూడు చుక్కలకు భూమి పోతదా?”

“చుక్కలు లేకనే గదనే ఇంత లొల్లి,” అన్నాడు చిన్నాయన.

రైతు నోటుబుక్కు జిరాక్సులు తిప్పసాగాడు. ఒకచోట ఆగి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. అది రాత లేని బండ. ఊరి మంత్రసానిది. నాలుగో గడిలో నాన్న ఇలా రాశాడు: ‘పక్క పొలం వారి ముసలమ్మ. కడుపులో అడ్డం తిరిగిన తన కొడుకును ఈమె బతికించిందట. ప్రతి పెత్తరమాసకు, పెద్దలకు పెట్టే అమావాస్య నాడు, ఈ బండ మీద చారెడు బియ్యం పెడతానని చెప్పింది.’

“నా కాన్పే,” అన్నాడు రైతు. మళ్లీ, “పెత్తరమాస నాడు పొలంగట్టుకు పోతున్ననేది మా అమ్మ. గీడికా వచ్చేది?”

ఆయన కాగితాలు సరిచేసి నా చేతికిచ్చాడు.

“మీ నాయిన ఎండల వచ్చి నా బాయి కాడనే నీళ్లు తాగేటోడు. ఏం రాస్తున్నవ్ సారూ అంటె, హాజరు తీసుకుంటున్ననేటోడు. మజాక్ చేస్తున్నడనుకున్న.” లేచి తువ్వాలు దులుపుకున్నాడు. “పెట్టుకోన్రి రాయి.”

రాయి పెట్టాం. పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. పద్యం లేదు.

కాగితాల్లో సరిదిద్దడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. రెండువేల తర్వాత ఎప్పుడో వచ్చిన కొత్త నకలులో ‘శ్మశానం’ అని ఉంది. చిన్నాయన దాన్ని చూసి ముఖం చిట్లించాడు.

“శ్మశానమంటే కాలవెట్టేది గద బిడ్డా. మళ్లొకసారి పోయి తోట అని రాయించరాదు?”

“వద్దు చిన్నాయనా, తోట అంటే మళ్లీ మామిడి చెట్లు మొలుస్తాయి,” అన్నాను. ఆయన్ని చూసి నవ్వాను. నాన్న పోయాక నవ్వడం అదే మొదటిసారి కాదు గానీ, ఆ నవ్వు నాన్నతో చెప్పుకోవాలనిపించింది.

ఆ నోటుబుక్కును చిన్న పుస్తకంగా వేయడానికి మా ప్రెస్సులోనే కంపోజ్ చేయించాను. ‘సమాధుల తోట’ అన్న మాటను మార్చలేదు. చివరి సంఖ్య నాన్నది. రాతి మీద మాటలు, రాయి ఉన్న స్థితి నేనే రాశాను. రాత ఉన్న రాయికి నాలుగో గడి అవసరం లేదు. ఆయనైతే ఖాళీగా వదిలేవాడు. నేను ‘పక్క పొలం రైతు. హాజరు తీసుకుంటున్నానని చెప్పేవారట’ అని నింపాను. ప్రూఫులో ఆ వరసను రెండుసార్లు చూశాను. తప్పులేమీ లేవు.