నాయన వీరుడికి నేను చేసిన మేలు

అంగళ్ళు ముంచినవాళ్ళను మీరు చూసి ఉంటారు. నేను బేతంచెర్లలో కుర్చీలో కూర్చుని ఒక రాజ్యాన్నే ముంచాను. శత్రువు దండెత్తి రాలేదు, కరువు రాలేదు. అందరికీ మేలు చేద్దామని నేనొక్కణ్ణే చల్లగా ముంచేశాను. మీరు నవ్వుకోండి. నాకింకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

రెండువేల దశకం నడిమి సంగతి. స్టేషన్ దారిలో మాది కిరాణా అంగడి. దాన్ని ఆనుకుని ఒక గది, నిండా బెల్లం, కందిపప్పు బస్తాలు. కర్నూల్లో డిగ్రీ అయిందనిపించుకుని వచ్చిన నేను ఆ బస్తాలను గెంటించి, పాత కంప్యూటర్లు పెట్టి, వీడియో గేముల సెంటరు తెరిచాను. గది కోసం సొంత నాయనతోనే బేరం.

"దసరా దాకా చూస్తా. గిరాకీ లేదంటే బస్తాలు మళ్ళా ఈడికే వస్తాయి" అన్నాడు.

"ఉగాది దాకా ఇయ్యి నాయనా."

"వినాయక చవితి."

నేను గబుక్కున దసరాకే ఒప్పుకున్నాను. ఇంకో మాట మాట్లాడితే మర్నాటికే వచ్చేట్టున్నాడు.

కార్ల పందెం గేముకు కాలేజీ కుర్రాళ్ళు కొందరు వచ్చేవాళ్ళు. కానీ నా ప్రాణం ఇంకో గేము మీద ఉండేది. అందులో మనమే వీరుడు. మొదట్లో ఒంటి మీద చిరిగిన చొక్కా, చేతిలో కట్టె. తోడేళ్ళను కొట్టాలి, తోళ్ళు అమ్మాలి, కత్తి కొనాలి, ఊరూరా జనంతో మాట్లాడాలి. బలం పెంచుకోవాలా, మంత్రమా, మాటకారితనమా అన్నది మనమే తేల్చుకోవాలి. ఆఖరున కొండ మీది రాక్షసుణ్ణి చంపాలి. అంతా ఇంగ్లీషు. వచ్చినవాడు వచ్చినట్టే మొదటి తోడేలు చేతిలో చచ్చి, "ఇదేం ఆటప్పా, పరీక్ష మాదిరుండాది!" అని కార్ల వైపు పోయేవాడు.

ఒక మధ్యాహ్నం నాయన భోంచేసి, బస్తాలు ఎట్లా సర్దాలో చూసుకోడానికి గదిలోకొచ్చాడు. అప్పుడు నా వీరుడు ఒక అంగట్లో తోళ్ళు అమ్ముతున్నాడు. నాయన గోడలు చూడ్డం మానేసి తెర చూశాడు.

"ఎవుర్రా ఈ గడ్డపాయన?"

"వ్యాపారి నాయనా. తోళ్ళు కొంటాడు."

"ఎంతకు?"

చెప్పాను. నాయన మొహం చేదు కాకరకాయ కొరికినట్టయింది. "అడిగిన రేటుకే ఇస్తాండావా? నువ్వు నా కడుపున పుట్టినోడివేనా? జరుగు."

జరిగాను. ఆ రోజు జరిగినవాణ్ణి మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు.

ఇంగ్లీషు మాటలు నేను చదివి చెప్పేవాణ్ణి, నాయన బేరం ఆడేవాడు.

"ఇంతకన్నా ఎక్కువ ఇయ్యనంటున్నాడు నాయనా."

"వాడు అట్లే అంటాడు. లేచి పోతాండామని చెప్పు."

"అట్లా చెప్పడానికి లేదు."

"అయితే లేచి పో!"

పక్కన నిలబడే మీట నొక్కి, వీరుణ్ణి గుమ్మం దాటించి మళ్ళీ లోపలికి తెచ్చాను. నమ్మండి, వ్యాపారి రేటు పెంచాడు. నాయన తొడ చరుచుకున్నాడు. మా ఇంట్లో నేను పరీక్ష పాసైన రోజు కూడా ఆ చప్పుడు వినబడలేదు.

ఇక రోజూ భోజనం కాగానే అంగడి తలుపు ఓరగా వేసి వచ్చేవాడు. వీరుడి బలం పెంచమంటే ఒప్పుకునేవాడు కాదు. వచ్చిన నైపుణ్యమంతా మాటకారితనానికే పోశాడు. "కత్తి పట్టినోణ్ణి చూసి ఎవురన్నా బేరానికి వస్తారా?" అనేవాడు. కొండ ఊళ్ళో ఉప్పు ప్రియమని, రేవు ఊళ్ళో తోళ్ళు ప్రియమని కనిపెట్టి, అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ అమ్మాడు. ఎలుకను చంపే సత్తా లేని వీరుడు పట్టు అంగీ తొడుక్కుని, ముందొక కాపలావాణ్ణి, వెనకొక కాపలావాణ్ణి పెట్టుకుని పెళ్ళికొడుకులా తిరిగేవాడు.

నాయన కుర్చీ వెనక జనం మూగడం మొదలైంది. నాపరాళ్ళ లోడు ఎక్కేదాకా పనిలేని లారీవాళ్ళు, పాలిషింగ్ ఫ్యాక్టరీవాళ్ళు. అందరికన్నా ముందు నాయన స్నేహితుడు, లారీ ఓనరు మాబాషా.

"అమ్మొద్దు శెట్టన్నా! రేవుకు పోయినాంక అమ్ము!"

"రేవు శానా దూరం, బాషా. దారిలో దొంగలుండారు."

"ఇంగో మనిషిని పెట్టుకో!"

"వాని కూలీ నువ్విస్తావా?"

నవ్వులే నవ్వులు. ఒకరోజు లేచిపోతూ నాయన నా వైపు చూడకుండా అన్నాడు: "దసరా అని ఏం పట్టు లేదులే. గది ఉండనీ."

కథ అక్కడ ఆపి ఉంటే నేను ఈ పొద్దు మంచి కొడుకుని. కానీ నాలోని అంగడివాడు ఊరుకోలేదు. ఇంతమంది నిలబడి చూస్తున్నారు, కూర్చుని డబ్బులిచ్చి ఆడేవాడు ఒక్కడూ లేడెందుకు? కష్టం కాబట్టి! సులువు చేస్తే? ఊరు ఊరంతా ఆడుతుంది!

కర్నూలు పోయి డిస్కుల అంగట్లో అడిగాను. "దీన్నే శానా సులువు చేసింది ఉండాదప్పా" అన్నాడు అంగడాయన. అందులో మొదటి నుంచే వీరుడికి గొప్ప కత్తి. ఏ విద్యా నేర్చుకోనక్కర్లేదు. పైన బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు నడవడమే. అంగళ్ళలో ఏది తాకితే అది ఊరికే వచ్చేస్తుంది. ఆ డిస్కును మాత్రం గంటసేపు గీచి గీచి బేరమాడి కొన్నాను. బేరమే లేని ఆట కోసం! అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

పాత గేము తీసేస్తేనే కొత్తది ఎక్కుతుంది. తీసేస్తే నాయన వీరుడు కూడా పోతాడని నాకు తెలుసు. పోతే ఏం, ఇంతకన్నా గొప్ప వీరుణ్ణి ఇస్తున్నా కదా అనుకున్నాను. అడగనైనా అడగలేదు.

పొద్దున్నే జనం విరగబడ్డారు. అందరూ వీరులే. ఒక్క దెబ్బకు తోడేలు, ఒక్క దెబ్బకు దొంగ, భోజనాల వేళకు రాక్షసుడు కూడా ఒక్క దెబ్బకే పడ్డాడు.

"చచ్చినాడా? అంతేనా?" అన్నాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాడు.

"అంతే. గెలిచినావు."

"నేనేం చేసినానని?"

నేను ఇంకొకణ్ణి పిలిచాను. వాడూ గెలిచి, అదే అడిగి పోయాడు.

అప్పుడొచ్చాడు నాయన. కుర్చీలో సర్దుకుని, కండువా ఒళ్ళో పెట్టుకుని, నేరుగా గడ్డపాయన అంగడికి పోయాడు. జనం ఒత్తుకుని నిలబడ్డారు.

"రేటెంత అంటాండాడు?"

"రేటు లేదు నాయనా. అంతా ఊరికే."

"ఊరికేనా? ఎందుకు?"

"సులువు చేసినారు."

నాయన వీరుణ్ణి గుమ్మం దాటించాడు. మళ్ళీ లోపలికి తెచ్చాడు. గడ్డపాయన అదే నవ్వు నవ్వుతూ అన్నీ ఇచ్చేశాడు. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. చివరికి మాబాషానే, "శెట్టన్నా, గడ్డపాయనకు బాగలేదేమో" అన్నాడు మెల్లగా.

"మన పట్టు అంగీ వాడు యాడ?" అని అడిగాడు నాయన.

"లేడు నాయనా. తీసేసినా."

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కండువా భుజాన వేసుకుని లేచాడు. "ఊరికే ఇచ్చేదానికి మనం ఎందుకులే, రా" అని అన్నాడు మాబాషాతో. ఆయన వెంట జనం కూడా పోయారు. మర్నాడు ఎవరూ రాలేదు. రాక్షసుణ్ణి ఒకసారి చంపినవాడు కూడా మళ్ళీ చంపడానికి రాలేదు.

నేను పాత డిస్కే మళ్ళీ ఎక్కించాను. చిరిగిన చొక్కాతో, కట్టెతో వీరుడు నిలబడ్డాడు. నాయనను పిలుచుకొచ్చి చూపించాను.

"బాగుండాడు. కానీ మళ్ళా మొదటి నుంచి నా చేత కాదురా" అన్నాడు. వాడి తల మీద దుమ్ము ఉందేమో అన్నట్టు తెరను కండువాతో తుడిచాడు. దసరా ముందే బస్తాలు వచ్చాయి. వాటిని మోయించింది నేనే.

మధ్యాహ్నాలు నాయన మళ్ళీ అంగట్లోనే కునికేవాడు. ఎప్పుడైనా నేను ఎదురుపడితే, "కందిపప్పు చూసుకో" అనేవాడు. అంతే. మా మధ్య మాట్లాడుకోడానికి ఇంక గడ్డపాయన లేడు.

కంప్యూటర్లు కొంటానని ఆలూరు నుంచి ఒకాయన వచ్చాడు. పాపం అంత దూరం నుంచి వచ్చాడు, అలసిపోయాడు, సులువు చేద్దామని నేను ఒకటే రేటు, తగ్గేది లేదు, పెంచేది లేదు అని చెప్పేశాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, "మీ నాయన ఉండాడా?" అని అడిగాడు.

ఉన్నాడు. కునుకు వదిలి వచ్చాడు. ఇద్దరూ పొద్దుగూకేదాకా తిట్టుకున్నారు, టీలు తాగారు, ఆయన రెండుసార్లు బస్టాండు దారి పట్టి తిరిగొచ్చాడు. ఆఖరికి నేను చెప్పిన రేటుకే అమ్ముడుపోయాయి. ఇద్దరూ గెలిచిన మొహాలతో చేతులు కలుపుకున్నారు. నాయన మళ్ళీ తొడ చరుచుకున్నాడు. నా వైపు మాత్రం చూడలేదు.

అందుకని తక్కెడ మీద చెయ్యి పెట్టి, పాఠకులందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఎవరి దారిలోని ముల్లునూ వాళ్ళను అడక్కుండా ఇక జన్మలో ఏరను. వాళ్ళే వచ్చి ఏరమని బతిమాలితే, అప్పుడు కూడా పొద్దుగూకేదాకా బేరమాడందే ఒక్క ముల్లూ ఏరను.