మేడం రాసిన వాక్యం

"బండ ఎత్తనీను. నేను బతికుండంగా ఆ జొన్నల పాతర తెరిచేది లేదు" అన్నాను నేను.

"ఒక్క ఫొటో కోసం అత్తా. తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి దిగి, లోపలి గోడలు ఫొటో తీసుకోని పైకొస్తాది. పది నిమిషాల పని. దానికింత రచ్చ చేస్తాండావే" అంది నా కోడలు.

"పది నిమిషాలు శానా ఎక్కువ. అంతసేపు పట్టదు."

"దేనికి?"

"నువ్వు కంప్యూటర్లో ఏం రాసినావో ఆ పిల్ల చెప్పింది. బండ తీసినంక లోపలికి దిగి జొన్నలు తోడుకుంటారు అని రాసినావంట. ఎవురు చెప్పినారు నీకు?"

"పుస్తకంలో అట్లే ఉండాది. మూడో క్లాసు సదివినోళ్లు పుస్తకం తప్పంటే నేనేం చేసేది?"

అనేసి నాలుక కరుచుకుంది. నేను చేటలో బియ్యం ఏరుతున్నదాన్ని, ఏరుతూనే ఉన్నాను. ఆ రోజు బియ్యంలో రాళ్లు ఎక్కువే తగిలాయి.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకొని వచ్చి నా పక్కన కూర్చోకపోతే ఈ తగువు జ్ఞాపకం వచ్చేది కాదు. ఆ మాట నిజం కాదు; జ్ఞాపకం ఎప్పుడూ ఉంది, రాసేదాన్ని కాదు, అంతే. అప్పటికి అది పలక పట్టే వయసు పిల్ల. ఇప్పుడు వాళ్ళమ్మ లాగే బడిలో పాఠాలు చెబుతోంది. పాఠానికి ఏదో వెతుకుతుంటే వాళ్ళమ్మ దగ్గర చదివిన పిల్లలు రాసిన పాత వికీ దొరికిందట. వికీ అంటే ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే పుస్తకం. కాగితం ఉండదు, కంప్యూటర్లో ఉంటుంది. ప్రతి పేజీ వెనకాల ఒక చిట్టా ఉంటుంది. ఏ వాక్యం ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకు రాశారో, ఎవరు కొట్టేశారో అన్నీ అందులో కనపడతాయి. "అవ్వా, ఈ పాతర పేజీలో రాసినోళ్ల పేర్లలో 'అవ్వ' అని ఉండాది, ఎవురు?" అని అడిగింది. చెబుతాను ఉండమని, వెనకవైపు ఖాళీగా ఉన్న పాత క్యాలెండరు కాగితాలు తీసుకున్నాను. కొత్త నోటుపుస్తకం కొనిస్తానంది. ఇవి ఉండగా అదెందుకని వద్దన్నాను.

మాది పత్తికొండ పక్క పల్లె. కోడలిది కడప టౌను. కాపురానికి వచ్చిన రెండో ఏడే మా ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు అయింది. మా అబ్బాయి మంగంపేట గనుల్లో పని చేస్తూ ఆదివారానికి ఇల్లు చేరేవాడు కాబట్టి వారమంతా ఇంట్లో మేమిద్దరమే, పాపతో. నేను లైటు ఆర్పుకుంటూ వెళ్లేదాన్ని, తను వెనకే వేసుకుంటూ వచ్చేది. ఒక వేసవిలో కర్నూలులో టీచర్లకు వారం రోజులు శిక్షణ ఇచ్చారు. వెళ్లేటప్పుడు గొణుక్కుంటూ వెళ్లింది, వచ్చేటప్పుడు ఉత్సాహం పట్టలేకుండా వచ్చింది. బస్సు దిగి కాళ్లు కూడా కడుక్కోకుండా, "అత్తా, ఇంక పిల్లోళ్లు పుస్తకం సదివేది కాదు, పుస్తకం రాస్తారు" అంది. ముందు కాళ్లు కడుక్కోమన్నాను.

బడికి ఎవరో దాతలిచ్చిన నాలుగు కంప్యూటర్లు ఉండేవి. ఆ గదికి తాళం, వాటికి గుడ్డ ముసుగులు, గుమ్మం బయట చెప్పులు. ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమబొట్టు మళ్లీ దసరా దాకా చెరిగేది కాదు. నాలుగింట్లో రెండు పనిచేసేవి, అవి కూడా కరెంటు ఉన్నప్పుడు. తెలుగు అక్షరాలు ఏ మీట మీద ఉంటాయో తెలియక పిల్లలు తికమకపడుతుంటే, కోడలు కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి మీటల మీద అంటించింది. బంకసీసా దేనికి, మైదా ఉడికించి ఇస్తానని నేనే ఇచ్చాను. ఆ మైదా కోసం ఎలుకలు వచ్చి అ, ఆ, క, గ తినేశాయి. ఆ సంగతి కోడలు ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

శిక్షణలో ఇంకొకటి కూడా నేర్పారట, ఫొటోలు పెట్టి కబుర్లు చెప్పుకునే సైటు. దాంట్లో పిల్లల గుంపు ఒకటి పెట్టి, వేరే ఊళ్ల బడి పిల్లలతో మాట్లాడించాలనుకుంది. ఆడపిల్లల ఫొటోలు ఊరికే పెడతారా అని తల్లులు మా ఇంటి మీదికి వచ్చారు. వాళ్లది తప్పని నేను అనను. చివరికి చేతులు మాత్రమే పెట్టారు. విత్తనాలు వేసే గొర్రు పట్టిన చేతులు, టమాటాలు గంపకెత్తే చేతులు, రొట్టె తట్టే చేతులు. అందులో ఒక జత నావే. కడప బడిలో ఒక పిల్ల, ఈ చేతులు ఎవరి అవ్వవి అని అడిగిందట. ఆ మాట నాకు రెండుసార్లు చదివించుకున్నాను.

వికీ దగ్గరే బండి ఆగింది. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పాత పద్ధతులు రాయాలి, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలి. రాయడం రాశారు. దిద్దడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. పదో తరగతి పిల్ల రాసిన దాంట్లో తప్పుంటే తొమ్మిదో తరగతి పిల్ల కింద ఇంకో వరుసలో, "పైన అక్క రాసింది కూడా నిజమే, మా ఇంట్లో మాత్రం ఇట్లా చేస్తారు" అని రాసేది. ఆముదం విత్తే పద్ధతి అలా పదకొండు విధాలుగా తయారైంది, అన్నీ నిజమే. "కొట్టేయండి, దిద్దండి, ఎవురూ ఏమనుకోరు" అని కోడలు గొంతు పోయేలా చెప్పేది. పెద్దవాళ్లు రాసిన దాని మీద చెయ్యి పెట్టడం పిల్లలకు కాలితో పుస్తకం తొక్కినట్టే ఉండేది. వాళ్లను అలా పెంచింది మేమే.

పాతర పేజీ ఎవరూ రాయకపోతే నమూనాగా తనే రాసింది. పాతర అంటే భూమిలో బావిలా తవ్వి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తే గుంత. మా పెరట్లో ఒకటి ఉంది. మా ఆయన పోయాక దాన్ని నేను తెరవనివ్వలేదు, అడుగున పాత పొట్టు అలాగే ఉండిపోయింది. ఆ బండ మీద బట్టలు ఉతికేదాన్ని. దాని లోపలి ఫొటో తీసి పేజీలో పెట్టాలని, మరుసటి రోజు పొద్దున పిల్లలను తీసుకొస్తానని కోడలు అనుకుంది. దిగుతానని ఒప్పుకున్న పిల్ల సాయంత్రం నోటుపుస్తకాలు ఇవ్వడానికి ఇంటికి వచ్చి నాతో సంబరంగా చెప్పింది. సన్నగా, రెండు జడలతో, జొన్నకంకి అంత ఉండేది.

"దిగేదానికి భయం లేదా మే?" అన్నాను.

"మా జేజినాయన దీపం దించి చూసినంకనే దిగాలంటాడు అవ్వా. మేడం రాసిన దాంట్లో దీపం లేదు. మేడంకు తెలీకుండా ఉంటాదా?"

"మరి నువ్వు ఆ ముక్క రాయలేదేం? ఎవురన్నా దిద్దొచ్చంట గదా."

"మేడం రాసింది ఎట్ల కొట్టేసేది?" అంది, నేను అడగరానిది అడిగినట్టు.

ఆ పిల్ల అటు పోగానే మొదలైంది ముందు చెప్పిన తగువు. బియ్యం ఏరడం అయిపోయింది. కోడలు పాపకు అన్నం కలుపుతోంది, నా వైపు చూడటం లేదు. అప్పుడు చెప్పాను. ఆ ఇంట్లో ఎవరికీ, మా ఆయనకు కూడా, అంతా చెప్పింది లేదు.

ఓర్వకల్లు దగ్గర మా పుట్టింట్లో పాతర తెరిస్తే ఒక దినమంతా అలాగే వదిలేసేవారు. చెడ్డగాలి పోవాలి. మరుసటి రోజు దీపం దించి, అది వెలుగుతుంటేనే మనిషి దిగేవాడు. ఆ రోజు చుట్టాలు వచ్చారు, ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. మా చిన్నన్నకు పదహారేళ్లు. బండ పక్కకు జరిపి దిగేశాడు. నేను పైన చేట పట్టుకొని నిలబడ్డాను. "చేట అందీ" అన్నాడు. వంగి అందించాను. అందుకునే చెయ్యి లేదు. అన్న వెనకే దిగబోయిన మా చిన్నాయనను నడుముకు తాడు కట్టి పట్టుకున్నారు కాబట్టి ఆయన దక్కాడు. మరుసటి వారం నుంచి పొలానికి సద్ది తీసుకుపోయే మనిషి లేక నన్ను బడి మాన్పించారు. నా మూడో క్లాసు సంగతి అది.

కోడలు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పాప నోరు తెరిచి ఎదురుచూస్తోంది. "ముందు దానికి పెట్టు" అన్నాను. పెట్టింది. చెయ్యి కడుక్కొని వచ్చి, "రేపు పిల్లోళ్లను రానీ అత్తా. ఎవురూ దిగరు. నువ్వు దీపం దించి చూపీ" అంది.

మరుసటి రోజు పొద్దున ఏడు గంటలకు పిల్లలు వచ్చారు. ముగ్గుతో గీత గీసి, దాన్ని దాటొద్దన్నాను. పక్కింటి వాళ్లిద్దరు ఇనప గడారు వేసి బండ జరిపారు. బొక్కెనలో బుడ్డిదీపం పెట్టి తాడుతో దించాను. రెండు బారలు దిగిందో లేదో ఆరిపోయింది. గాలికి ఆరిందేమోనని వెనక నుంచి ఎవరో అన్నారు. పైకి లాగి, మళ్లీ వెలిగించి దించాను. మళ్లీ అక్కడే ఆరింది. కోడలు రెండు జడల పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. బండ మూసి, మట్టి మెత్తి, అందరం బడికి నడిచేదాకా ఆ చెయ్యి తీయలేదు.

కంప్యూటరు గది ముందు చెప్పులు విడిచాం. కోడలు పాతర పేజీ తెరిచి, "నేను రాసింది తప్పు. కొట్టెయ్" అని ఆ పిల్లకు చెప్పింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇంకొకరిని పిలిచింది, వాళ్లూ అంతే. చివరికి ఆ పిల్లే అంది, "అవ్వ కొట్టేస్తే తప్పు లేదు మేడం. అవ్వ మీకంటే పెద్దది గదా."

నన్ను కూర్చోబెట్టారు. పేరు అడిగిన చోట పిల్లలే 'అవ్వ' అని రాసి, ఏ మీటో చూపించారు. నా కోడలు రాసిన వాక్యాన్ని ఒక్కొక్క అక్షరంగా కొట్టేశాను. దాని చోట మూడు వాక్యాలు రాశాను. బండ తీసి ఒక దినం వదలాలి. దీపం దించి చూడాలి. దీపం ఆరితే దిగకూడదు. ఎలుకలు తిన్న అక్షరాలు ఎక్కడుండాలో ఆ పిల్ల చూపించింది. కరెంటు పోతే రాసింది దండగవుతుందని ఒక్కో వాక్యానికి దాచమన్నాను. నేను లేచాక ఆ పిల్ల నన్ను అడగకుండానే కూర్చొని, నేను రాసిన రెండో వాక్యం కొట్టేసి, "బొక్కెనలో దీపం పెట్టి, తాడుతో అడుగు దాకా దించి చూడాలి" అని మార్చింది. నాది కూడా కొట్టేసింది. కోడలు నా ముఖం చూసింది. బాగానే ఉంది, ఉండనీ అన్నాను.

మనవరాలి ఫోనులో ఆ చిట్టా ఇప్పటికీ ఉంది, నా మొదటి వాక్యానికి, చివరి వాక్యానికి మధ్య ముప్పావు గంట అని చూపిస్తోంది. మా చిన్నన్న ప్రాణం పోవడానికి నేను చేట అందించేంత సేపు కూడా పట్టలేదు. అది మూడు ముక్కల్లో రాయడానికి నాకు ఆ ముప్పావు గంట, దానికి ముందు యాభై ఏళ్లు పట్టింది.