తూర్పు గోలు దగ్గర నీళ్లు

తమిళనాడులోని ధర్మపురి జిల్లా క్రీడా మైదానంలో నేను హెడ్ గ్రౌండ్స్‌మన్‌గా ఉన్న రోజులవి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. జూలైలో, తమిళుల ఆడి మాసం మొదటి సోమవారం పొద్దున మా జిల్లా క్రీడాధికారి పిలిచి ఒక కాగితం చూపించారు. దేశదేశాల ఆడపిల్లల జట్లు ఆడే ఫుట్‌బాల్ పోటీని మన దేశంలో జరిపించుకోవాలని ఢిల్లీలో ఒక కమిటీ వేశారట. ఆ కమిటీ పెద్దలు శుక్రవారం మా మైదానం చూడటానికి వస్తున్నారు.

ఇలాంటి పోటీని మాకివ్వండని ఒక దేశం అడగాలంటే నోటిమాట చాలదు. మ్యాచ్‌లు ఎక్కడ, జట్ల బస ఎక్కడ, సాధన ఎక్కడ అన్నీ రాసి ఒక లావుపాటి ఫైలు సమర్పించాలి. దాన్నే బిడ్ అంటారు. మ్యాచ్‌లు బెంగళూరులో పెట్టాలని, అంతకుముందు ఒకటి రెండు జట్లను కొన్నాళ్లు మా దగ్గర ఉంచి సాధన చేయించాలని వాళ్ల ఆలోచన. ఎంపికైన మైదానానికి కొత్త గడ్డి వస్తుంది. మట్టి కింద వాననీళ్లు పోయే గొట్టాలు వస్తాయి. గడ్డి సంగతి అలా ఉంచండి, ఆ గొట్టాల కోసం నేను ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాను. ఒక్క వాన పడితే మా మైదానంలో రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి. పిల్లలు ఆడలేరు, గేదెలకు మాత్రం బాగుంటుంది.

నేను ఏ. పళ్లిపట్టి అనే పల్లె నుంచి దినకూలీగా నీళ్లు పట్టడానికి వచ్చినవాణ్ణి. అప్పటికి అక్షరం ముక్క రాదు. టేపు మీద అంకెలు చదవలేక ఒక తాడుకు ముడులు వేసుకున్నాను. పొడవు నూటఅయిదు మీటర్లు, వెడల్పు అరవైఎనిమిది, అన్నీ ముడులే. మూల సరిగ్గా రావాలంటే మూడు, నాలుగు, ఐదు ముడుల దూరంతో తాడును ముక్కోణంగా లాగి పట్టాలి. ఆ తాడుతో గీసిన సున్నపు గీత ఎప్పుడూ వంకర పోలేదు. తమిళ అక్షరాలు నలభై ఏళ్లు దాటాక నేర్చుకున్నాను, ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు రిటైరయ్యాక. ఆలస్యంగా చదువు వచ్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఏ కాగితాన్నయినా చివరిదాకా చదవనిదే సంతకం పెట్టడు.

ఇక తప్పు సంగతి. అది నాదే. ఆగస్టు పదిహేనుకి, జనవరి ఇరవైఆరుకి మా మైదానంలో కవాతు ఉంటుంది. దానికి ముందు రోడ్డు రోలరు తెచ్చి నేల గట్టి చేయడం వాడుక. పెద్దవాళ్లు వస్తున్నారంటే రోలరు రావాలి, అంతే. బంతి ఆడే నేలకు, బూట్లు కొట్టే నేలకు తేడా తెలిసిన నేనే బుధవారం రోలరు పిలిపించాను. డ్రైవరు మునిరత్నం నా భార్య తమ్ముడు. పని అయ్యాక దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం బావా, కల్యాణ మండపం నేల మాదిరి చేసినాను చూడు. ఇంక అద్దం దేనికి, దీంట్లోనే తల దువ్వుకో."

"దువ్వేదానికి తల మీద ఏముందిరా" అన్నాను. ఇద్దరం మురిసిపోయాం.

శుక్రవారం కమిటీ నుంచి ఇద్దరు వచ్చారు. అధ్యక్షుడు చెన్నైలో పెద్ద వ్యాపారి. గేటు నుంచి గోలు దాకా నడిచేలోపు అందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టారు. కార్యదర్శి ఒకప్పుడు దేశం జట్టుకు గోలు కాసిన ఆవిడ. అమ్మమ్మగారి ఊరు మా జిల్లాలోని మారండహళ్ళి. మా ఊరి పేరు జాబితాలోకి ఎక్కింది ఆవిడ వల్లే. చెప్పులు విడిచి తూర్పు గోలు దాకా నడిచింది. తల ఎత్తున బంతి పట్టుకుని వదిలింది. నడుముకు కింద ఆగాల్సిన బంతి గుండెల దాకా ఎగిరింది.

"అన్నా, ఇది ఆడేదానికా, కవాతుకా?"

కాలి బొటనవేలితో నేలను గీకి చూశాను, గీత కూడా పడలేదు.

"రోలరు ఎవురు తెప్పించినారు?"

"నేనేనమ్మా."

"సరే. రెండు బకెట్లు నీళ్లు తెప్పించు."

నీళ్లు పోశాం. ఆ నీళ్లు అక్కడే కూర్చున్నాయి. ఈలోగా అధ్యక్షుడు పత్రికలవాళ్లకు మా మైదానం ప్రపంచ స్థాయిదని చెబుతున్నారు. ఆయన వెనకే ఒక కాకి వచ్చి ఆ నీళ్లలో తాపీగా స్నానం చేసింది. ఫొటోలో కాకి కూడా పడింది.

తరువాత మైదానం నివేదిక తెచ్చారు. కింద గ్రౌండ్స్‌మన్ సంతకం ఉండాలి. తమిళంలో ముందే టైపు కొట్టి ఉంది. వేలు పెట్టి చదువుతూ పోయాను. 'వాననీటి పారుదల: బాగుంది.' అక్కడ వేలు ఆగింది. ఉన్నది రాస్తే మైదానం జాబితాలోంచి పోవచ్చు, గొట్టాలు రావు. రాయకపోతే ఇంత చదువూ ఎందుకు? క్రీడాధికారి నా వైపు చూశారు. పింఛను కాగితాలు కదలాల్సింది ఆయన చేతిమీదుగానే.

అధ్యక్షుడు నవ్వుతూ తమిళంలో అన్నారు. "సంతలో ఎద్దును అమ్మేవాడు పన్ను కదులుతోందని తనే చెప్తాడా, పెద్దాయనా?"

"చెప్పడు సార్. కొనేవాడే దాని నోరు తెరిచి చూస్తాడు."

కార్యదర్శి అందుకుంది. బయటి దేశం తనిఖీవాళ్లు కూడా రెండు బకెట్లు అడుగుతారని చెప్పింది. అధ్యక్షుడు కాసేపు కాకి వైపు చూశారు. ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. "రాయండి. కానీ మీ చేతిరాతతోనే రాయండి, రేపు నా మీదికి రాకూడదు" అన్నారు. టైపు కొట్టిన మాట కొట్టేసి, బకెట్లు పోసి చూసింది అక్కడే కదా అని, వంకర అక్షరాలతో 'తూర్పు గోలు దగ్గర నీళ్లు నిలుస్తాయి' అని రాసి సంతకం పెట్టాను. కార్యదర్శి దాని కింద 'సరిచేయవలెను' అని రాసింది.

ఆ ఇద్దరి గురించి నా లెక్క ఇది. ఆయన లేకపోతే ఆ ఫైలుకు ఏ తలుపూ తెరుచుకునేది కాదు. ఆమె లేకపోతే ఫైలులో నిజమనేది ఉండేది కాదు. ఒకరినొకరు భరించడం ఇద్దరికీ కష్టంగానే ఉండేది.

చివరికి పోటీ వేరే దేశానికి పోయింది. కమిటీ చెదిరిపోయింది. నా కాగితం మాత్రం మా ఆఫీసు ఫైల్లోనే ఉంది, ఒక నకలు పై ఆఫీసుకూ పోయింది. మైదానం బాగుందన్న కాగితాలకు ఎవరూ జవాబు అడగలేదు. లోపం ఉందని సంతకంతో ఉన్న కాగితానికి మాత్రం ఏం చర్య తీసుకున్నారని పైనుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. జవాబు రాసి రాసి విసిగిన జిల్లా ఇంజనీరు, నా ఉద్యోగం ఇంకో నెలలో ముగుస్తుందనగా, తవ్వించి గొట్టాలు వేశాడు. నేను తూర్పు గోలు దగ్గర అని రాశాను కదా, తూర్పు గోలు దగ్గరే వేశాడు. మిగతా మైదానం సంగతేమిటని అడిగితే నా కాగితమే తీసి నాకు చూపించాడు.

మొన్న వానకు వెళ్లి చూశాను. తూర్పున పిల్లలు ఆడుతున్నారు, పడమట కాకులు స్నానం చేస్తున్నాయి. ఆఫీసు కాగితంలో లోపం రాసేటప్పుడు ధైర్యం ఒక్కటే చాలదు. మైదానం మొత్తం నడిచి చూసి రాయాలి.